ఎడమకాలి వెండి

నేను ఒక మెట్టెను. ఎడమకాలి మెట్టెను. ఎడమ అని ముందే చెప్పుకోవడం ఎందుకంటే, నా బతుకులో మంచీ చెడూ ఆ ఒక్క మాటను పట్టుకునే నడిచాయి. కుడికాలి మెట్టె నా కవల. ఇద్దరం ఒకే పూట, ఒకే మూసలో కరిగిన వెండి నుంచి పుట్టాం. దాన్ని ఇంతవరకు ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నన్ను అననివాళ్ళు లేరు.

నాకు కళ్ళు లేవు. కాలివేలిని పట్టుకుని బతికేదానికి కళ్ళతో పనేముంది? నేల తెలుస్తుంది, వేడీ చల్లదనం తెలుస్తాయి, చప్పుడు తెలుస్తుంది, నేను చుట్టుకున్న వేలు తెలుస్తుంది. మిగతాదంతా విని తెలుసుకున్నదే. మనుషులు ముఖాలు చూసి ఒకరినొకరు నమ్ముతారు. నేను అడుగును నమ్ముతాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మోసపోయారో మీరే చెప్పండి.

నన్ను చేసింది మాచర్లలో ఒక ముసలి కంసాలి. వెండి తెచ్చింది శేషమ్మ. రెంటచింతల పక్క పల్లె ఆమెది. వేసవిలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునే చోటు. ఆమె కొంగుముడి విప్పి రెండు పాత మెట్టెలు కంసాలి ముందు పెట్టింది. అవి గురవమ్మవి. గురవమ్మ అంటే శేషమ్మ కొడుకు బ్రహ్మయ్యకు మొదటి పెళ్ళాం. మిరపచేలో మిట్టమధ్యాహ్నం పాము కరిచి, ఇంటికి మోసుకొచ్చేలోపే పోయింది. ఏడాది తిరిగాక బ్రహ్మయ్యకు మళ్ళీ సంబంధం కుదిరింది. పోయినామె వెండితోనే వచ్చే పిల్లకు మెట్టెలు చేయిస్తే ఆమె మనసు శాంతిస్తుందని, సవతి మీద కన్నెర్ర చెయ్యదని శేషమ్మ నమ్మకం.

తీరా మూస పొయ్యి మీద పెట్టాక ఆమెకు అనుమానం వచ్చింది. పాత మనిషి బుద్ధి ఈ వెండికి అంటుకుని ఉండదు కదా అని అడిగింది. కంసాలి బొగ్గులు ఊదుతూనే, కరిగిన వెండికి ఏమీ గుర్తుండదన్నాడు. ఆయన చెప్పింది నిజమే. మూసకు ముందరి సంగతి నాకు ఒక్కటీ తెలియదు. నాకు గుర్తున్న మొదటి విషయం సుత్తి దెబ్బ, ఆ తరువాత చింతపండు నీళ్ళ స్నానం. కానీ వెండి మరిచిపోయినదాన్ని మనుషులు వెండి తరఫున గుర్తుపెట్టుకుంటారని ఆ కంసాలికీ తెలియదు, నాకూ తెలియదు.

పెళ్ళిలో బ్రహ్మయ్య వంగి నన్ను కోటేశ్వరి ఎడమకాలి రెండో వేలికి తొడిగాడు. దుర్గి వైపు పిల్ల. రాళ్ళ మీద చెప్పుల్లేకుండా పెరిగిన కాలు. నేను బిగుతుగా ఉన్నానని ఆ వేలు రెండు రోజులు నాతో పోట్లాడింది, మూడో రోజు రాజీపడింది. ఆ ఇంట్లో నేలంతా నాపరాళ్ళు. ఆమె నడిస్తే నేనూ నా కవలా ఒకదాని తరువాత ఒకటి టక్కు టక్కుమని పలికేవాళ్ళం. శేషమ్మకు కళ్ళలో శుక్లాలు ముదిరాయి, మనుషుల్ని చప్పుడును బట్టే గుర్తుపట్టేది. కొత్త కోడలి నడక ఆమెకు నచ్చింది. ఆ నడకలో భయం లేదని ఇరుగుపొరుగుతో చెప్పుకుంది.

కోటేశ్వరి ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. పొద్దున అయిదింటికి లేచి ఇంటిపని, ఆపైన బడి పొయ్యి, ఆపైన చేను. నాలుగేళ్ళు అలా గడిచాయి. బ్రహ్మయ్య ఆటో నడిపేవాడు. మంచివాడే. తల్లి మాట్లాడితే తల్లి మాట నిజమనిపించేది, పెళ్ళాం మాట్లాడితే పెళ్ళాం మాట నిజమనిపించేది. అలాంటివాడికి ఆటో నడపడమే సుఖం, దారి ఎవరో ఒకరు చెబుతారు.

ఒక మిరపకోతల కాలంలో వేలు నాకు జవాబివ్వడం మానేసింది.

దీన్ని మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. బతికున్న వేలు ఊరకే ఉండదు. అడుగు వేసేముందు నన్ను కొంచెం నొక్కుతుంది, నేల చల్లగా ఉంటే ముడుచుకుంటుంది, గులకరాయి తగిలితే ఉలిక్కిపడుతుంది. నాలుగేళ్ళుగా నేనూ వేలూ అలా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ పొద్దున కోటేశ్వరి మంచం దిగి నేల మీద కాలు పెట్టింది. వేలు వెచ్చగానే ఉంది, నెత్తురు ఆడుతూనే ఉంది, కానీ అందులో ఎవరూ లేరు. మనుషులున్న ఇంటి తలుపు తడితే ఖాళీ ఇంటి చప్పుడు వచ్చినట్టుంది. నాకు భయమేసింది.

ఆమె లేచి రెండడుగులు వేసింది. కుడివైపు టక్కుమంది. ఎడమవైపు నేను టక్కుమనలేదు. నేల మీద జరజరా ఈడ్చుకుపోయాను.

వసారాలో మంచం మీద కూర్చున్న శేషమ్మ తల తిప్పింది. "ఎవరా వచ్చింది?" అంది.

"నేనే అత్తా."

"నువ్వు సరే. నీ ఎనకమాల ఎవరు?"

కోటేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. అత్త ముఖంలో రంగు ఎందుకు పోయిందో ఆమెకు తెలియదు. గురవమ్మకు చిన్నప్పుడు ఎడమపాదంలో ముల్లు విరిగి, కాలు కొంచెం ఈడ్చి నడిచేదట. అయిదేళ్ళు ఈ నాపరాళ్ళ మీద ఆ చప్పుడు విన్న శేషమ్మ, చచ్చిపోయిన కోడలి అడుగు మళ్ళీ వింటున్నాననుకుంది. ఒక కాలు కోటేశ్వరిది, ఇంకో కాలు గురవమ్మది. ఇంట్లో ఇద్దరు నడుస్తున్నారు.

ఆ రోజు నుంచి కోటేశ్వరి శరీరంలో ఒక్కో గదీ ఎవరో తాళం వేసుకుంటూ పోయినట్టయింది. మెడ వంచి నావైపు చూస్తే వీపులోంచి కరెంటు పాకినట్టుందని బ్రహ్మయ్యతో చెప్పింది. అది నిజమే. ఆ కరెంటు నా దాకా వచ్చేది. ఖాళీ వేలు ఒక్కసారి ఎగిరిపడి మళ్ళీ ఖాళీ అయ్యేది. డొక్కల చుట్టూ ఎవరో తువ్వాలు కట్టి బిగిస్తున్నట్టుందని అంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు కుడికంటితో చూస్తే ఎర్రగా ఉన్నాయట, ఎడమకంటితో చూస్తే వెలిసిపోయిన ఇటుకల్లా ఉన్నాయట. చేతిలోంచి పప్పుగరిట జారేది. ఒకరోజు పెరట్లో మరుగుదొడ్డి దాకా వెళ్ళలేకపోయింది. వసారాలో ఇరుగమ్మ కూర్చుని చూస్తుండగా పాదాలు తడిసిపోయాయి. ఆ తడిలో నిలబడి ఆమె ఏడవకుండా పళ్ళు బిగపట్టడం వేలి దాకా తెలియలేదు కానీ, మడమ దాకా వచ్చింది.

ఇంత జరిగినా నమ్మినవాళ్ళు లేరు. ఎందుకంటే మొదటి కొన్నాళ్ళు పోయాక, పొద్దున చల్లటి పూట ఆమె బాగానే నడిచేది. పన్నెండయ్యేసరికి కాలు ఈడ్చేది. సాయంత్రం స్నానం చేసి కూర్చుంటే మళ్ళీ కొంత నయం. పొద్దున లేడిపిల్ల, పని పెరిగేసరికి కుంటిపిల్ల అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. అలుపు గురించి చెబితే ఇంకా నవ్వారు. అలవని ఆడది ఎవరని అడిగారు. అది పనిచేసి అలిసిన అలుపు కాదు, నిద్ర లేచేసరికే ఒళ్ళంతా తడిసిన గోతాంలా ఉంటుందని ఆమె చెప్పబోయింది. వినేవాళ్ళు అప్పటికే లేచిపోయారు.

శేషమ్మ మాత్రం నవ్వలేదు. కోడలివి వేషాలని ఆమె ఒక్కనాడూ అనలేదు. ఆమెది అంతకంటే పెద్ద తప్పు. సోదె చెప్పే ఆవిడను పిలిపించింది. ఆవిడ కోటేశ్వరి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఆవులించి, గురవమ్మ ఎడమకాలి వెండిలో ఉందని చెప్పింది. ముత్తయిదువగా పోయిన మనిషి కాబట్టి పేరంటాలుగా నిలబెట్టి కొలవాలంది. పెరట్లో రాయి నాటి, పసుపు పూసి, ఆమె పోయిన వేళకే, అంటే మిట్టమధ్యాహ్నం, పదకొండు శుక్రవారాలు కోటేశ్వరి చెప్పుల్లేకుండా ఇరవయ్యొక్క చుట్లు తిరగాలి. అప్పటికీ వదలకపోతే ఆమె మొగుడి కోసం వచ్చిందని అర్థం. అప్పుడు కోటేశ్వరిని పుట్టింటికి పంపెయ్యాలి, లేకపోతే బ్రహ్మయ్య దక్కడు.

నన్ను తీసి పారేస్తే సరిపోయేది కదా అని మీరనుకోవచ్చు. మొగుడు బతికుండగా మెట్టె తియ్యకూడదు. అలా నన్ను ఉంచుకోవడానికీ భయమే, తియ్యడానికీ భయమే. అంత చిన్న వెండి చుట్టుకు అంత మర్యాద జరగడం నేనెక్కడా వినలేదు.

చైత్రం దాటాక శుక్రవారాలు మొదలయ్యాయి. పెరట్లో రాళ్ళు పెనం మీద అట్టు పోసేంత కాగేవి. మొదటి చుట్టు టక్కు టక్కుమని మొదలయ్యేది. ఆరో చుట్టుకు నేను ఈడ్చుకోవడం మొదలుపెట్టేదాన్ని. పదో చుట్టుకు ఆమె ఎడమకంటి ముందు పొగ కమ్మేది, చేత్తో గాలిని తడుముకుంటూ నడిచేది. "వచ్చింది, వచ్చింది" అని వసారాలో శేషమ్మ చేతులు జోడించేది. పూజ పెట్టిన ప్రతిసారీ గురవమ్మ వస్తోందంటే అంతకంటే రుజువేం కావాలి? పూజ అయ్యాక కోడలిని నీడలో కూర్చోబెట్టి తలంటి నీళ్ళు పోసేది. కాసేపటికి కాలు కొంచెం తిరిగి వచ్చేది. గురవమ్మ వెళ్ళిపోయిందనుకునేవారు. వారం వారం ఇదే. నాకూ నమ్మకం సడలింది. అందరూ అంత గట్టిగా అంటుంటే, కంసాలే అబద్ధం చెప్పాడేమో, నాలో నిజంగానే ఎవరైనా ఉన్నారేమో అని నన్ను నేను వెతుక్కున్నాను. మధ్యాహ్నం పూట ఎండలో కాగిపోతూ, లోపల ఒక ఆడమనిషి దాక్కుని ఉందా అని ఒక లోహం తడుముకోవడం ఎలా ఉంటుందో మీరు ఊహించలేరు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. వెండి వేడిని తొందరగా తీసుకుంటుంది. ఆ కాగిన వెండి కింద చర్మం పొక్కి, చిట్లి, నాకు అంటుకుపోయింది. ఇంకే వేలైనా అయితే ఆమె కెవ్వుమనేది. ఈ వేలు మాట్లాడలేదు. ఆమె మెడ వంచి చూసుకోదు, వంచితే కరెంటు. అత్తకు చూపు ఆనదు. ఆ కాలిన చోటు నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

పదో శుక్రవారం చుట్లు పూర్తి కాకముందే ఆమె పడిపోయింది. లేచాక అందరిలా ఏడ్చి మంచమెక్కలేదు. నీళ్ళ తొట్టి పక్కనే కూర్చుని ఆలోచించింది. బడి పొయ్యి దగ్గర కాలు పోయేది, వాన పడిన రోజున పోలేదు. ఒకసారి జ్వరం వచ్చినప్పుడు రెండు కాళ్ళూ పోయాయి, ఆ రోజు శుక్రవారం కాదు. తానుగా రెండు చెంబుల నీళ్ళు కాళ్ళ మీద, మెడ మీద పోసుకుని, తడిగుడ్డ తల మీద వేసుకుని నీడలో చాలాసేపు కూర్చుంది. ఆపైన లేచి అత్త మంచం ముందు అటూ ఇటూ నడిచింది. నేను పూర్తిగా కాకపోయినా చాలావరకు టక్కుమన్నాను. తరువాత తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళి నిలబడింది. కాసేపాగి మళ్ళీ వచ్చి నడిచింది. నేను ఈడ్చుకున్నాను.

"ఇన్నావా అత్తా?" అంది. "గురవమ్మ అక్క ఎండకి వచ్చిద్దా, రెండు చెంబుల నీళ్ళకి పోద్దా? అట్టాంటి దయ్యం యాడన్నా ఉందా? నన్ను పుట్టింటికి పంపితే పంపు. ముందు ఒక్కసారి గుంటూరు తీసకపో."

శేషమ్మ కొడుకును పిలిచి ఆటో తియ్యమంది.

గుంటూరు ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ ఉంది. తొందరపడని గొంతు. కోటేశ్వరి అరికాలి మీద ఏదో గీసింది, బొటనవేలు పైకి లేచింది. తరువాత రెండు కాళ్ళున్న ఇనుప ముక్క లాంటిదాన్ని తన అరచేతికి కొట్టి, మోగుతున్నదాన్ని ఆమె బొటనవేలి ఎముక మీద ఆనించింది. దానికి కావలసింది ఎముకే, కానీ పక్కనే ఉన్న నేను కూడా దానితోపాటు మోగాను. పుట్టిన తరువాత అలా మోగడం నాకదే మొదటిసారి. ఒళ్ళంతా తేనెటీగలు ముసిరినట్టయింది.

"జుమ్ముమంటోందా అమ్మా?"

"ఏం అంటంలేదండీ."

"ఇప్పుడు?"

"ఏం లేదండీ. మీరు పెట్టారా?"

నేను అంత గట్టిగా మోగుతూ, నన్ను మోస్తున్న మనిషికి వినిపించకుండా ఉండడం నాకు చాలా బాధ కలిగించింది. డాక్టరమ్మ ఆ ఇనుప ముక్కను కుడికాలికి పెట్టింది. అక్కడ ఆమె వెంటనే తెలుస్తోందంది. తల లోపలి ఫొటో తియ్యాలని, ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని చెప్పారు.

ఫొటో తీసే గది బయట మెడలో తాళి తీయించి పసుపుకొమ్ము కట్టిన దారం వేశారు. కుడికాలి మెట్టె ఇట్టే వచ్చింది. నేను రాలేదు. కోటేశ్వరి వంగలేదు. నర్సమ్మ ఎవరినైనా సాయం పట్టమంది. శేషమ్మ నేల మీద కూలబడి కోడలి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు నా కాళ్ళు పట్టుకునేదేంది అత్తా" అని కోటేశ్వరి వెనక్కి లాక్కోబోయింది.

"నోరు మూసుకుని కూర్చో."

కొబ్బరినూనె రాసి నన్ను అటూ ఇటూ తిప్పింది. నేను చర్మంతో సహా వచ్చాను. శేషమ్మ వేళ్ళు ఆ చోటును తడిమాయి. కళ్ళు కనపడనివాళ్ళకు వేళ్ళే కళ్ళు. వేలి చుట్టూ మెట్టె అంత వెడల్పున, గుండ్రంగా, తడిగా ఉన్న పుండు. ఇది కాలిన గాయం, వారాలుగా ఉన్నదని నర్సమ్మ చెప్పింది.

"కాలతంటే చెప్పలేదేందే?"

"నాకు తెలిస్తే గదా అత్తా చెప్పేది."

శేషమ్మ నన్ను పిడికిట్లో పట్టుకుని అలాగే కూర్చుంది. "నేనే తిప్పా" అంది చివరికి. "పది శుక్రవారాలు, ఎండలో, నేనే తిప్పా." ఓదార్చడానికి కోటేశ్వరికి సమయం లేదు, లోపలికి పిలిచారు. తలుపు మూసుకున్నాక ఆ యంత్రం ఇనుప తలుపుల్ని ఎవరో బాదుతున్నట్టు మోగింది. బయట ముసలామె నన్ను పట్టుకుని, ఇన్నాళ్ళూ నీ మీద నింద వేశానమ్మా అని సన్నగా ఏడ్చింది. అది నాతో అనలేదు, గురవమ్మతో అంది.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పారు. నరాలకు వైర్ల మీద ఉండే తొడుగు లాంటి పొర ఉంటుందట. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి ఆ పొరను కొరుకుతుందట. పొర పోయిన నరం వేడికి ఇంకా మొరాయిస్తుందట. ఏ దయ్యమూ పట్టలేదు, ఎవరూ చేతబడి చెయ్యలేదు. పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలి, మళ్ళీ తిరగబెడితే ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి. మొదటిసారి కాలు మొద్దుబారినప్పుడే వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదని డాక్టరమ్మ అంది. శేషమ్మకు పేరు నోరు తిరగలేదు. ఎమ్మెస్ అనడం నేర్చుకుంది.

కుడికాలి మెట్టె మళ్ళీ కాలికెక్కింది. నేను ఎక్కలేదు. గుడ్డపీలికలో చుట్టి, వసారా గూట్లో కొయ్యభరిణెలో పెట్టారు. పుండు మానింది, అయినా ఎవరూ నన్ను తియ్యలేదు. కోటేశ్వరి మళ్ళీ బడికి వెళుతోంది. మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, కూర్చుని వండుతుంది. ఎడమకంటి చూపు చాలావరకు వచ్చింది. ఎరుపు మాత్రం ఆ కంటికి ఇంకా ఎరుపు కాలేదట. పుట్టింటి మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెరట్లో రాయికి శేషమ్మ సాయంత్రం చల్లబడ్డాక దీపం పెడుతుంది, చుట్లు లేవు.

మొగుడు నిక్షేపంలా ఉండగా ఎడమకాలికి మెట్టె లేదేంటని ఒకరోజు ఇరుగమ్మ అడిగింది. శేషమ్మ చాట పక్కన పెట్టింది.

"తీసేస్తే నా కొడుక్కి ఏం కాలేదు" అంది. "పెడితే దాని ఏలు కాలింది. నువ్వే చెప్పు, ఏది పెట్టమంటావు?"

భరిణెలో చీకటి. ఇక్కడ నాకో వింత జరుగుతోంది. చుట్టుకోవడానికి ఏమీ లేకపోయినా, వేలు ఉన్నట్టే ఉంటుంది. అది నన్ను నొక్కుతుంది, చల్లటి నేలకు ముడుచుకుంటుంది. కోటేశ్వరికి ఉన్న వేలు తెలియదు. నాకు లేని వేలు తెలుస్తోంది. దీన్ని ఏ డాక్టరమ్మకు చూపించాలో నాకు తెలియదు.

మొన్న ఒక పొద్దున, ఎండ ఇంకా రాకముందే, ఆమె నడక వింటున్నాను. ఎడమపాదం మెత్తగా, చప్పుడు లేకుండా పడుతుంది. కుడివైపు నా కవల టక్కుమంటుంది. మెత్తన, టక్కు, మెత్తన, టక్కు. వంటింటి గడప దాటాక టక్కు రాలేదు. జరజరమని నేల మీద వెండి ఈడ్చుకుంది. మొట్టమొదటిసారి కుడివైపు. ఆమె ఆగిపోయింది.

వసారాలో మంచం కిర్రుమంది.

"కోటీ, కదలమాక. ఆడనే గోడ పట్టుకో" అంది శేషమ్మ. "బ్రహ్మయ్యా, లెగరా, ఆటో తియ్యి. గుంటూరు పోవాలి."

ఆ తరువాత నాపరాళ్ళ మీద ముసలి అడుగులు, మెట్టెలు లేని వితంతువు అడుగులు, గోడను తడుముకుంటూ గబగబా కోడలి వైపు వెళ్ళాయి.